ఒడి నిండని ఇంటికి ఓదార్పు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రియ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక. అమ్మాబాద్.

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ తాను కోరినవారికి కుమార్తెలను, కోరినవారికి కుమారులను, కొందరికి ఇరువురినీ ప్రసాదిస్తాడనీ, కొందరిని సంతానం లేనివారిగా ఉంచుతాడనీ సూరా షూరా 49, 50 ఆయతులు తెలుపుతున్నాయి. నాలుగూ ఆయన నిర్ణయాలే. నాలుగవది శిక్ష అని అక్కడ లేదు. అయినా ఆ స్థితిలో ఉన్నవారిని మనం దోషులను చూసినట్లు చూస్తున్నాము.

మన హాలియా నుండి తెల్లవారుజాము బస్సెక్కి, సంతాన చికిత్సకై హైదరాబాదు వెళ్ళివచ్చే దంపతులున్నారు. సూదులు, పరీక్షలు, అప్పులు, ఆపై ఫలితం కోసం ఎదురుచూపు. ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లోనే ప్రశ్న: "ఏమైనా విశేషమా?" అడిగినవారికి అది పలకరింపు, విన్నవారికి గాయం.

ఈ విషయంలో మేమూ పొరపాటు చేశాము. కొన్నేళ్ళ క్రితం జుమా నమాజు తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చి, చికిత్స రెండవసారి కూడా ఫలించలేదని చెప్పాడు. "సబర్ చెయ్యి బేటా" అని దుఆ చేసి పంపబోయాము. అతడు కదలలేదు. "హజ్రత్, సబర్ చేస్తూనే ఉన్నాము. రాత్రిపూట ఆమె ఏడుస్తుంటే నేనేమి చెయ్యాలో చెప్పండి" అన్నాడు. ఆనాడు మా వద్ద జవాబు లేకపోయింది. జవాబు ప్రవక్తగారి ఇంటిలోనే ఉన్నది, మేము వెదకలేదు.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కు సంతానం కలుగలేదు. బిడ్డ పేరుతో తల్లిని పిలిచే గౌరవనామాన్ని అరబ్బులు కునియత్ అంటారు. తన తోటి స్త్రీలందరికీ కునియత్ ఉన్నదని ఆమె విన్నవించుకున్నప్పుడు, దైవప్రవక్త (స) ఆమెను మందలించలేదు, సబర్ గురించి ఉపన్యసించలేదు. ఆమె అక్క హజ్రత్ అస్మా కుమారుడైన అబ్దుల్లాహ్ పేరుతో 'ఉమ్మె అబ్దుల్లాహ్' అని పిలిపించుకొమ్మన్నారు. ఈ ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. మనసులోని వెలితిని ఆయన విన్నారు, దానికొక గౌరవం కల్పించారు. ఆ మహనీయురాలి ద్వారా ఉమ్మత్‌కు రెండువేలకు పైగా హదీసులు అందాయి.

మరి మనమిచ్చే పేరేమిటి? 'గొడ్రాలు'. శుభకార్యాలలో పక్కకు జరగమనే చూపు. చెడ్డ పేర్లతో పిలువరాదని సూరా హుజురాత్ 11వ ఆయతు నిషేధించిన సంగతి మనకు తెలియనిదా?

భర్తలారా! పరీక్షకు భార్యను ఒంటరిగా పంపకండి. సంతానలేమి కేసులలో సుమారు సగంలో పురుషుని ఆరోగ్య కారణాలు కూడా ఉంటాయని వైద్యులు చెబుతున్నారు. మీరూ పరీక్ష చేయించుకోండి. మీలో లోపముంటే దానిని ఆమె మీద కప్పిపెట్టడం అబద్ధమే కాదు, జుల్మ్ కూడా. ఆమె ఏడ్చినప్పుడు పక్కన కూర్చోండి. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం ఏడ్చారు, అది ఆయన సబర్‌ను భంగపరచలేదు.

పెద్దలారా! రెండవ పెళ్ళి మాట, తలాక్ మాట ఆ ఇంటిలో ఎత్తకండి. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, వైద్యం చేయించుకొమ్మన్నది ప్రవక్తగారే. భార్యాభర్తల బీజకణాలతోనే, నికాహ్ నిలిచి ఉండగా జరిగే చికిత్సను తగిన జాగ్రత్తలతో 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ అనుమతించింది. మూడవ వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది. మన దేశంలో 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఫలితం దక్కే అవకాశం, ఖర్చు, దుష్ఫలితాలు దంపతులకు ముందే వివరించి కౌన్సెలింగ్ ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. సంకోచించక అడగండి.

హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) సంతానం కోసం తన ప్రభువును రహస్యంగా వేడుకున్నారు. ఆ వేదన దాసునికి, అల్లాహ్‌కు మధ్య ఉండే అమానత్. వారంతట వారు చెబితే వినండి, చెప్పకుంటే అడగకండి. ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఈ మాటను మీ తల్లులకు, భార్యలకు, అక్కచెల్లెళ్ళకు అందజేయండి.

యా అల్లాహ్! సంతానం కోసం ఎదురుచూసే వారికి సద్వర్తనగల సంతతిని ప్రసాదించు. నీ నిర్ణయం మరొకటైతే వారి హృదయాలకు నెమ్మదిని, వారి దాంపత్యానికి ప్రేమను, మా నాలుకలకు మర్యాదను ప్రసాదించు. ఆమీన్.