హకీము గారి మందుకు పరీక్ష ఎందుకు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళం. అయినా ఈ విషయంపై మాట్లాడతామని కార్యదర్శిగారిని మేమే అడిగాము. కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి.

మా అమ్మీకి చక్కెర జబ్బు. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకొంటూ ఉండేది. ఎవరో చెప్పారని మేము ఒకచోటు నుంచి చేదుపొడి సీసా ఒకటి తెచ్చి ఇచ్చాము. "ఆకూ అలమే గదా, ఏం చేస్తుందిలే" అనుకొన్నాము. పదిహేను రోజులకు ఒక తెల్లవారుజామున అమ్మీ ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పక్కింటి ఖాలా చూసి వెంటనే చక్కెర ఎక్కువ వేసిన చాయ్ తాగించింది. ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరుగారు, "రక్తంలో చక్కెర బాగా పడిపోయింది. ఆ పొడిలో ఏ చెట్టు ఉంది? ఏ భాగం? ఎంత మోతాదు?" అని అడిగారు. సీసాపై చీటీ కూడా లేదు. రోజూ పిల్లలను ప్రశ్నలడిగే మేము ఆ మూడింటికీ జవాబు లేక నిలబడ్డాము. అల్లా దయవల్ల అమ్మీ కోలుకొంది. తప్పు మాత్రం మాదే.

పొడపత్రి, మెంతులు, కాకర చక్కెరను తగ్గించే గుణం గలవే. అదే పని చేసే మాత్రతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. మూలికకు బలం ఉందని నమ్మేవారు ఆ బలం హాని కూడా చేయగలదని ఒప్పుకోవాలి.

పరీక్ష అనగానే "మన పెద్దల వైద్యాన్నే శంకిస్తారా?" అంటారు కొందరు. కాని పరీక్ష మన పెద్దలు నేర్పిందే. ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్' రెండవ గ్రంథంలో మందును పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టారు. పలు జబ్బులు కలిసిన రోగిపై కాక, ఒకే జబ్బు ఉన్నవానిపై చూడాలి. గుణం ఎప్పుడూ, లేదా చాలామందిలో, కనబడాలి. లేకుంటే అది కాకతాళీయం. జంతువుపై చూసింది చాలదు, మనిషిపై కూడా చూడాలి. విషముష్టి గింజను శుద్ధి చేయనిదే వాడరాదన్నది కూడా యునానీ హకీముల నియమమే.

ఢిల్లీ తిబ్బియా కాలేజీ స్థాపకులు హకీం అజ్మల్ ఖాన్ కూడా ఈ బాటలోనే నడిచారు. సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్తను మూలికల పరిశోధనకు పిలిపించారు. హకీం సాహెబ్ 1927లో కాలం చేశారు. 1931లో సిద్దీఖీగారు సర్పగంధి వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి ఆయన పేరిట 'అజ్మలీన్' అని పేరు పెట్టారు. గుండె లయకు సంబంధించిన వైద్యంలో అది పనికి వచ్చింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అదే వేరు నుంచి రిసర్పిన్ తీశారు. అది రక్తపోటు తగ్గించింది. మోతాదు ఎక్కువైన కొందరిలో తీవ్రమైన మనోవ్యాకులత కూడా తెచ్చింది. మేలూ కీడూ రెండూ తెలిశాకే గదా ఎంత ఇవ్వాలో తెలిసేది!

మరి పరీక్ష ఎలా చేస్తారు? ముందు చెట్టు సరైనదేనా అని చూస్తారు. సీసం, పాదరసం వంటివి, క్రిములు ఉన్నాయేమో చూస్తారు. సారం దేనితో తీశారన్నది కూడా ముఖ్యమే. నీళ్ళలో కాచిన జోషాందాలో దిగే పదార్థాలు వేరు, ఆల్కహాలులో దిగేవి వేరు. అమ్మమ్మ కాచిన కషాయం మంచిదైనంత మాత్రాన అదే ఆకు సారాన్ని చిక్కగా చేసి నింపిన గొట్టం మందు కూడా మంచిదని చెప్పలేము. తరువాత ఎలుకలకు ఒక్కసారి ఇచ్చి 14 రోజులు చూస్తారు. రోజూ ఇస్తూ 28 రోజులు, 90 రోజులు చూసి, రక్తం, కాలేయం, మూత్రపిండాలు పరిశీలిస్తారు. ఆ పిమ్మటే మనుషులపై, వారి సమ్మతితో.

చెట్టు పేరు తప్పితే ఏమవుతుందో బెల్జియంలో చూశారు. 1990 దశకం మొదట్లో బరువు తగ్గే గొట్టం మందుల్లో ఒక చైనా మూలిక బదులు, పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా జాతి మూలిక పడింది. వందమందికి పైగా మూత్రపిండాలు చెడ్డాయి. కొందరికి తరువాత మూత్రనాళాల క్యాన్సరు వచ్చింది. మన చేలగట్లపై పెరిగే గాడిదగడపాకు, యునానీలోని జరావంద్ ఆ జాతివే. మన వద్ద కూడా వాటిని కడుపులోకి తీసుకొనే అలవాటు ఉంది. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాము.

మన హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధనా సంస్థ బొల్లి మొదలైన చర్మవ్యాధులపై పనిచేస్తోంది. బొల్లికి వాడే బావంచాలు ఎండ తగిలితే చర్మాన్ని బొబ్బలెక్కించగలవు. కాబట్టి అది కూడా సొంతంగా వాడే మందు కాదు.

హకీము వద్దకు పోవద్దని మేము అనము. చదువుకొన్న హకీము వద్దకే పొండి. అంగట్లో కొనే డబ్బాపై లైసెన్సు నంబరు, దినుసుల పేర్లు, తయారైన తేదీ చూడండి. గర్భిణులకు, పసిపిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అడగకుండా ఏదీ ఇవ్వకండి. డాక్టరు వద్ద హకీము మందునూ, హకీము వద్ద డాక్టరు మందునూ దాచకండి.

చివరగా సొసైటీవారికి ఒక మనవి. వచ్చే వైద్య శిబిరానికి ప్రతి కుటుంబం ఇంట్లోని సీసాలు, పొట్లాలు అన్నీ ఒక సంచిలో వేసుకొని రావాలని ప్రకటించండి. ఒక హకీము గారిని, ఒక డాక్టరుగారిని పక్కపక్కన కూర్చోబెట్టండి. అందరికన్నా ముందు మా ఇంటి సంచి తెస్తాము.

ఖుదా హాఫిజ్.