తెనాలి తాలూకా వెళ్లిపోయిన రోజు

ఒకప్పుడు అంగలకుదురు రైతుకు పట్టా, అడంగల్, శిస్తు, ఏ గొడవ వచ్చినా తెనాలి తాలూకా కచేరీయే దిక్కు. ఊళ్లో కరణం అడంగల్ రాసేవాడు, మునసబు శిస్తు వసూలు చేసేవాడు, ఏటా జమాబందీ అనే తనిఖీలో ఆ లెక్కలన్నీ పై అధికారుల ముందుకు వచ్చేవి. మాగాణి నేలల చరిత్రంతా ఆ కట్టల్లోనే ఉండేదంటే అతిశయోక్తి కాదు.

1984లో కరణాలు, మునసబుల పదవులు పోయాయి. మరుసటి ఏడు, 1985లో, నందమూరి తారక రామారావు ప్రభుత్వం తాలూకాలను రద్దు చేసి మండలాలు పెట్టింది. పెద్ద తాలూకా ముక్కలై కొల్లిపర, దుగ్గిరాల వంటివి విడి మండలాలయ్యాయి. అంగలకుదురు మాత్రం తెనాలి మండలంలోనే నిలిచింది.

ఇలా విడదీయడంతో చాలా ఊళ్లకు కచేరీ దగ్గరైంది. నా మటుకు అది మంచి మార్పే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలనూ విడదీస్తూ మరో గీత పడింది. బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాకు వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అయినా మా పెద్దలు ఇప్పటికీ "తెనాలి తాలూకా" అనే అంటారు.