విశ్రాంత కార్మికులు – ఊరి వైద్యం
(కమాన్‌పూర్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి మాట్లాడేవారు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నాకు ఆరోగ్యం అప్పగించారు. ఆరోగ్యం అనగానే మనవాళ్లకు హైదరాబాదు దవాఖానలు, రెఫరల్ కాగితాలు గుర్తుకొస్తాయి. అవీ కావలసినవే. కాని మనిషిని అంతదూరం పోకుండా కాపాడేది ఊళ్లో అందవలసిన చిన్న వైద్యం. బీపీ, షుగర్ చూడటం, నెలనెలా గోలీలు అందటం, దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించడం. నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం ఒకప్పుడు మన సింగరేణి వంటిదే, బొగ్గు బావుల సీమ. అక్కడ ట్రెడెగార్ అనే ఊళ్లో కార్మికులు జీతంలో పౌనుకు కొన్ని పెన్నీల చొప్పున జమచేసి వైద్య సంఘం నడుపుకున్నారు. ఆ ఊళ్లో పుట్టి చిన్నతనంలోనే బాయి పనిలో దిగిన అన్యూరిన్ బెవాన్ తరువాత ఆరోగ్య మంత్రి అయి, 1948 జూలై 5న దేశమంతటికీ ఉచిత వైద్యం ఏర్పాటు చేశారు. అదే వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే గని ఊళ్లో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ పనిచేశారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందుతుందని 1971లో ఆయన రాశారు. రాసి ఊరుకోలేదు. తన దగ్గరికి వచ్చేవారికే కాక, రానివారిని కూడా వెతికి ఊళ్లోని పెద్దవారందరికీ బీపీ చూశారు. ఏళ్ల తరువాత లెక్క చూస్తే, పక్క ఊరికంటే ఆ ఊళ్లో 65 ఏళ్లలోపు మరణాలు తక్కువని తేలింది. పెద్ద యంత్రాలు లేవు. బీపీ పట్టీ, రిజిస్టరు, ఓపిక. మూడవది దొరకటమే కష్టం!

ఇప్పుడు మన సంగతి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంట్ కార్మికులు ఉండేవారు. నేడు నలభై వేలకు అటూ ఇటూ. ఓసీపీలలో చాలా పని కాంట్రాక్టు కార్మికుల చేతుల మీద నడుస్తున్నది. కాలనీల్లో ఉన్నవారికి డిస్పెన్సరీ దగ్గర. క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఊరికి చేరిన మనకు, కాంట్రాక్టు తమ్ముళ్లకు, బ్లాస్టింగు దుమ్ము మీదపడే ఊళ్లవారికి అదే వైద్యం దూరం. గోలీల కోసం గోదావరిఖని పోయి రావాలంటే ముసలివాడికి ఒక రోజు, కూలివాడికి ఒక రోజు కూలీ పోతాయి. అందుకే రెండు నెలలు మానేస్తాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే సరిపెట్టుకుంటాడు. ఒకరోజు పక్షవాతం వస్తుంది.

ఊపిరితిత్తుల సంగతి మరీ ముఖ్యం. గనుల నిబంధనలు 1955 ప్రకారం సర్వీసులో ఉండగా అయిదేళ్లకోసారి మనకు పీఎంఈ జరిగేది. దిగిపోయిన రోజుతో అది ఆగిపోయింది. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్, బొగ్గుదుమ్ముతో వచ్చే న్యూమోకోనియోసిస్ మాత్రం మస్టరు చూసుకుని ఆగేవి కావు. పని మానిన ఎన్నో ఏళ్లకు కూడా బయటపడతాయి. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. పైగా ఎక్స్‌రేలో ఒకటి మరొకటిగా పొరబడే ప్రమాదమూ ఉంది. కనుక దగ్గుతో పోయినప్పుడు కళ్లె పరీక్ష చేయించుకోవాలి. దానితోపాటు, "ఇన్నేళ్లు భూగర్భంలో చేశాను, డ్రిల్లింగు చేశాను" అని డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవాలి. ఈ జబ్బులు చట్టంలో నష్టపరిహారం జాబితాలో ఉన్నవి. రికార్డు లేనివాడికి పరిహారమూ లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5,000కు ఒక సబ్ సెంటర్ ఉండాలన్నది నియమం. 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగర్ చూడాలన్న కార్యక్రమమూ ఉంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచిదే. కాని అది ముఖ్యంగా ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. షుగర్ ముదిరి కాలు తీయవలసి వస్తే డబ్బు దొరుకుతుంది, కాలు పోకుండా నెలనెలా చూసేవారు కావాలంటే ఊళ్లో మనిషి ఉండాలి.

2022లో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇప్పటి పాఠ్యప్రణాళికలో ఎంబీబీఎస్ విద్యార్థులు గ్రామాలలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని ఆరోగ్యం గమనించే పద్ధతి ఉన్నది. విశ్రాంత, కాంట్రాక్టు కుటుంబాలున్న మన పల్లెలను అందులో చేర్చవలసిందిగా కళాశాలవారిని అడుగుదాం. దిగిపోయినవారికీ, కాంట్రాక్టువారికీ అయిదేళ్లకోసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించమని యాజమాన్యాన్ని అడుగుదాం. ఇక మన వంతు పని ఒకటుంది. ఏ ఊళ్లో ఎవరు, ఏ బాయిలో ఎన్నేళ్లు, ఏం పనిచేశారో సంఘం ఒక రిజిస్టరు రాయాలి. గోడు చెప్పుకోలేని వితంతు అక్కల పేర్లు అందులో ముందుండాలి. నకలు ఆశా కార్యకర్త చేతిలో పెడితే, ఆమె ఎవరి ఇంటికి ముందు పోవాలో తెలుస్తుంది.

ఈ కోరికలను నేటి తీర్మానాలలో చేర్చవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.