గీతకు కూలి: లింగంపల్లి రూపకర్తల వృత్తిజీవనము
(పద్మశాలి కుల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఆహ్వానసంఘమువారు నన్ను "కంప్యూటరులో బొమ్మలు వేయువాడు" అని మీకు పరిచయము చేసిరి. ఆ మాట నిజమే. మా తాతగారు గుంటమగ్గమున కూర్చుండిరి. నేను తెరయెదుట కూర్చుండుచున్నాను. లోకము గ్రాఫిక్ డిజైనరు అని పిలుచు ఈ వృత్తివానిని నేను రూపకర్త యని పేర్కొందును. ఈ వృత్తిలో మన కుటుంబముల బిడ్డలు నానాటికి పెరుగుచున్నారు. వారెట్లు బ్రదుకుచున్నారో కులపెద్దలకు తెలియవలయునని నా కోరిక. విద్యానిధి, వసతిగృహము, వివాహవేదిక మొదలగు విషయములపై నిచట పెద్దలు మాటలాడియున్నారు. నా విషయము వానికంటె చిన్నది, కాని దానికి డబ్బుతో సంబంధము గలదు గావున చెవి యొగ్గవేడెదను.

లింగంపల్లి యనగా మనలో వృద్ధులకు రైలుదారిలో నగరము ముగియు చోటు. ఒకవైపు 1974లో నేర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు బండలును చెట్లును, ఇంకొకవైపు రామచంద్రాపురమునందలి భెల్ కర్మాగారము. 1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభమయ్యెను. 2003 ఆగస్టులో ఎంఎంటిఎస్ రైళ్లు నడువసాగినవి. లింగంపల్లిలో నెక్కినవానికి చందానగరు, హఫీజ్‌పేట, పిదప హైటెక్ సిటీ. మూడవ స్టేషనులో దిగవచ్చును. గాజుమేడల సమీపమున అద్దె చెల్లింపలేని చిన్న యుద్యోగులకు ఈ యూరే విడిది యైనది. నల్లగొండ, సిరిసిల్ల, గద్వాల ప్రాంతములనుండి వచ్చిన మన యువకులు నలుగురైదుగురు గూడి యొక గదిలో నుందురు.

వీరందఱి పని యొక్కటి కాదు. గాజుమేడలోనివాడు ఫోనుతెరపై ఏ మీట యెచట నుండవలయునో, వృద్ధుని వ్రేలికి నందునో లేదో యోచించును; అతనికి నెలజీతము కలదు, అమెరికావారి పగటివేళకు మేలుకొను రాత్రులును కలవు. స్టేషనుదగ్గరి దుకాణములోనివాడు ఫ్లెక్సీలు, పెండ్లిపత్రికలు, కరపత్రములు చేయును. మూడవవాడు ఇంటనే కూర్చుండి యెవరు పిలిచిన వారికి పని చేయును. ఈ మూడవ తెగలో మన ఆడబిడ్డలు, అందునను పసిబిడ్డల తల్లులు, పలువురు గలరు. నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది ఈ తుదిరెండు తెగలవారినిగూర్చియే.

"కంప్యూటరే చేయును గదా, నీవు చేయునదేమి?" అని మమ్మడుగనివారు లేరు. మగ్గమే నేయును గదా, సాలెవాడు చేయునదేమి యని మనల నెవరైన నడిగినచో నేమందుము? పోచంపల్లి చిటికి చీరకు మొదట గళ్లకాగితముపై నమూనా గీయుదురు. ఒక్కొక్క గడి యిన్ని పోగులకు గుర్తు. ఆ లెక్కప్రకారము నూలుపై గుఱుతులు పెట్టి, రంగంటరానిచోట సైకిలు ట్యూబు రబ్బరుతో బిగించి కట్టుదురు. మా తెరపై బొమ్మయు నట్టి గళ్లకూర్పే. గడికి పిక్సెలని పేరు. 1804లో ఫ్రాన్సుదేశమున జకార్డు మగ్గమునకు చిల్లుల అట్టలు కూర్చినాడు. ఆ చిల్లుల యట్టలనే బ్యాబేజి తన లెక్కయంత్రమునకు వాడ దలంచెను. కావున కంప్యూటరు సాలెయింటికి కొత్త చుట్టము కాదు. ఈ మాట కులాభిమానముచే ననుట లేదు. నమూనా గీయుటయు, నేయుటయు రెండు వేఱుపనులని మనకు తెలిసినంత బాగుగా నితరులకు తెలియదని చెప్పుటకే.

తెలుగక్షరము కూర్చుట మఱియు కష్టము. ఆంగ్లాక్షరములు గీతపై వరుసగా నిలుచును. మన యక్షరమునకు పైన తలకట్టు, గుడి. క్రింద వత్తు, ఆ వత్తును హత్తుకొని యింకొకటి. "స్త్రీ" యను నొక్క యక్షరములో మూడు హల్లులున్నవి. ఆంగ్లపంక్తుల నడుమ చాలిన యెడము తెలుగునకు చాలదు. పైపంక్తి వత్తు వచ్చి క్రిందిపంక్తి గుడిని పొడుచును. దుకాణములలో విరివిగా వాడు "అను" అక్షరములు యూనికోడునకు వెలుపలి పద్ధతివి. ఆ యక్షరములు లేని యంత్రమున ఫైలు తెఱచినచో పెండ్లికుమారుని పేరు పిచ్చిగీతల గుంపగును. యూనికోడులో 1991నుండి తెలుగునకు చోటున్నను, ఫోటోషాప్‌లో భారతీయభాషల యమరిక సరిచేయనియెడల వత్తులు విడిపోవును. "పద్మశాలి" యని కొట్టినచో 'ద'పై పొల్లు నిలిచి, 'మ' వేఱుగా ప్రక్కన కూర్చుండును. మన కులము పేరే యట్లు విఱిగిన ఫ్లెక్సీలు నేను చూచితిని, మీరును చూచియుందురు. రామభద్ర, మండలి, సూరన్న మొదలగు తెలుగక్షరములు గూగుల్ ఫాంట్స్‌లో నుచితముగా లభించుచున్నవి. ఉచితము మనకే గాని చేసినవానికి గాదు. ఒక తెలుగు ఫాంటునకు వత్తులతోను గుణింతములతోను గూడి వందలకొలది రూపములు చేతితో దిద్దవలయును.

ఇక కూలిమాట. ఫ్లెక్సీకి ధర చదరపుటడుగు లెక్కన. గుడ్డకు ధర, సిరాకు ధర, చట్రమునకు ధర. డిజైను మాత్రము "ఫ్రీ." గోడపై అట్లే వ్రాసి పెట్టుదురు. ఆ యుచితపు పనికి మూడుగంటలు పట్టును. నాయకుని ఫొటో పెద్దదికావలె, వారి తమ్ముని ఫొటో ఇంకను పెద్దదికావలె, రంగు మార్చవలె, మరల మొదటి రంగే బాగున్నదనవలె. దుకాణదారుని నిందింపను, ప్రక్కదుకాణము ఉచితమనినప్పుడు అతడు రుసుమడిగినచో బేరము పోవును. చీర వెలలో నూలు, రంగు, నేతకూలి లెక్కకు వచ్చును గాని నమూనా గీసినవాని వంతు విడిగా తఱచు కనబడదు. ఆ నమూనానే మిల్లువారు పలుచని బట్టపై నచ్చొత్తి సంతలో నమ్మిననాడు మనకు గుండె మండినది. పోచంపల్లి ఇకత్తునకు 2004–05లో భౌగోళికసూచి నమోదైనది. అది ప్రాంతపు పేరును కాపాడును; ఒక్కొక్కని నమూనాను గాదు. దానికి 2000 సంవత్సరపు డిజైనుల చట్టముక్రింద వేఱుగా నమోదు చేయించుకొనవలె. పదేండ్లు, ఆపై నైదేండ్లు చెల్లును.

నా గదిలో నుండిన యొక యువకుడు ఒక సంస్థకు మూడు చిహ్నములు గీసి యిచ్చెను. ఏదియు నచ్చలేదనిరి, పైకము లేదు. నాలుగు నెలలకు వానిలో నొకటి రంగుమార్చుకొని ఆ సంస్థ ద్వారముపై వెలసెను. వకీలుగారి మొదటి ప్రశ్న: "కాగిత మేది?" మా వృత్తిలో కాగితము వ్రాయు నాచారమే లేదు, వాట్సాపులోని "ఓకే అన్నా" యే మా దస్తావేజు.

కాబట్టి చట్టమేమనుచున్నదో కొంచెము చెప్పెదను. 1957 కాపీరైటు చట్టపు 17వ సెక్షనునుబట్టి, ఉద్యోగములో నుండి గీసినది, వేఱొడంబడిక లేనిచో, యజమానిది. స్వతంత్రముగా గీసినదానికి సామాన్యముగా గీసినవాడే మొదటి హక్కుదారు. రుసుముపై తీసిన ఛాయాచిత్రములకును, వ్రాసిన రూపచిత్రములకును మాత్రము నియమము వేఱు. 19వ సెక్షను ప్రకారము హక్కు చేతులు మాఱుటకు వ్రాతయు సంతకమును వలయును. కాలపరిమితి వ్రాయనిచో ఐదేండ్లకే యిచ్చినట్లు. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే యిచ్చినట్లు. 57వ సెక్షను మఱియు గొప్పది: హక్కు అమ్ముకొన్న పిదపను, ఇది నా చేతిపని యని చెప్పుకొను నధికారము కర్తకు మిగులును.

ఇది పుస్తకములో మాత్రమే యున్న మాట యనుకొనకుడు. ఢిల్లీ విజ్ఞానభవనమునకు 1957లో అమర్‌నాథ్ సెహగల్ అను శిల్పి కంచుతో గోడశిల్పము చేయుటకు పూనుకొనెను. 1979లో దానిని తొలగించి గిడ్డంగిలో పడవేసిరి, ముక్కలు పోయినవి. ఆయన కేంద్రప్రభుత్వముపైననే వ్యాజ్యము వేసెను. 2005లో ఢిల్లీ హైకోర్టు శేషించిన శిల్పమును తిరిగి యిమ్మనియు, 5 లక్షల రూపాయలు చెల్లింపుమనియు తీర్పు చెప్పినది. సొమ్ము చెల్లించి కొన్నంతమాత్రమున పాడుచేయు హక్కు రాదని తేలినది. దానికి పట్టిన కాలము తలచుకొన్న నిట్టూర్పు వచ్చును గాని, తీర్పు తీర్పే.

పైకము వసూలునకు ఇంకొక దారి గలదు, ఇది ప్రతి యింటను తెలియవలసినది. 2020 జూలైనుండి ఉద్యమ్ నమోదు ఉచితముగా జరుగుచున్నది. ఇంటనుండి పనిచేయు రూపకర్తయు సూక్ష్మపరిశ్రమగా నమోదు కావచ్చును. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టముక్రింద, ఒడంబడికలో నేమి వ్రాసికొన్నను 45 దినములు మించి పైకము నిలుపరాదు. నిలిపినచో బ్యాంకురేటునకు మూడింతల వడ్డి, నెలనెలకు చక్రవడ్డిగా, చెల్లింపవలసియుండును. ఈ మాట బిల్లు క్రింద నొక పంక్తిగా అచ్చువేసినచో, కోర్టువఱకు పోనక్కఱలేకయే కొన్ని తలుపులు తెఱచుకొనును.

2022నుండి, మాట చెప్పినంతనే బొమ్మ వేయు కృత్రిమమేధాయంత్రములు జనసామాన్యమునకు లభించుచున్నవి. మా పిల్లలకు నిద్ర పట్టకుండుటకు నిదియే ముఖ్యకారణము. యంత్రద్వేషము మన కులమునకు తగదు. చింతకింది మల్లేశముగారు తల్లి భుజమునొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రము చేసిరి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మార్లు ఆడించు బాధ తప్పినది. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందఱము గర్వించితిమి. అయినను భేదమొకటి చూడుడు. ఆసుయంత్రము చాకిరిని తాను తీసికొని, నమూనాను మనిషికి విడిచినది. ఈ బొమ్మలయంత్రము నమూనాను తాను తీసికొని, వ్రేళ్లు సరిదిద్దుట, అక్షరము మార్చుట వంటి చాకిరిని మనిషికి విడుచుచున్నది. "యంత్రము వేసినదే గదా, దిద్దుటకు కూలి యేల?" యనువారు అప్పుడే బయలుదేఱినారు.

ఇప్పుడు మనయింటి సంగతి. కూనపులివారు పటము విప్పి మార్కండేయపురాణము చెప్పుచుండగా మన పూర్వులు విని పొంగిరి. చింతగింజల యంబలియు సుద్దమట్టియు పూసిన గుడ్డపై ఎఱ్ఱని నేలకట్టి ఆ పటమును వ్రాసినవారు నకాషీ చిత్రకారులు. భావనారుషి రూపము మన మనస్సులలో నిలిచినది వారి కుంచెవలననే. అయినను మన తాతలు చూచిన పటమును వ్రాసినవాని పేరు ఈ సభలో నెంతమందికి తెలియును? బాపుగారు (1933–2014) బొమ్మక్రింద పేరు వ్రాసికొనిరి. వారి చేతివ్రాతయే నేడు కంప్యూటరక్షరమై ప్రతి పెండ్లిపత్రికపై కనబడుచున్నది. పేరు వ్రాసికొనుటకు చోటు దొరకనివారు వేలకొలది.

మార్కండేయజయంతి బ్యానరు, సంతాపపత్రము, వధూవరుల పరిచయపత్రిక యనుచు కులబంధువులు మా గదులకు ఫోను చేయుదురు. "మనవాడవే గదా, పది నిమిషముల పని" యందురు. అడిగినవాడు మేనమామ, ఎట్లు కాదనగలము? షామియానావానికి, వంటవానికి, మైకువానికి బయానా యిచ్చినచేతులే యివి. పోషకమహాశయులు వేలరూపాయలిచ్చి తమ ఛాయాచిత్రము సంచికలో వేయించుకొందురు. ఆ పుటను తీర్చినవానికి భోజనపు చీటి యిచ్చి పంపుదురు. ఇది నిష్ఠురముగా తోచవచ్చును, కాని లెక్కపుస్తకము తెఱచి చూచినచో నా మాటకు సాక్ష్యము దొరకును.

కావున అధ్యక్షులవారి యనుమతితో నొక తీర్మానమును ప్రతిపాదించుచున్నాను. మన సంఘమునకై చేయించు ప్రతి చిహ్నమునకును, ప్రతి పత్రికకును, ప్రతి సంచికకును ముందుగా నొక పుట యొడంబడిక వ్రాయవలయును. మార్పులు రెండుమార్లకు మించినచో అదనపు కూలి యనియు నందుండవలయును. వార్షికపద్దులలో "అచ్చు ఖర్చు" క్రింద కలిపివేయక "రూపకల్పన" యని వేఱు పద్దు చూపవలయును. ఉద్యమ్ నమోదునకై లింగంపల్లిలో నొక ఆదివారము సహాయశిబిరము పెట్టవలయును. అందు నమోదుపని నేను చేసిపెట్టెదను. ఈ సంచిక అట్టను తీర్చిన యమ్మాయి యీ సభలోనే వెనుకవరుసలో నున్నది. ఆమె యంగీకరించినచో ఆమె పేరు లోపలిపుటలో సంపాదకవర్గము ప్రక్కన వేయవలయును. ముద్రణాలయమునకు ప్రతి రేపు సాయంకాలము పోవుచున్నది, నేడే కార్యదర్శిగారు చెప్పినచో ఒక పంక్తి చేర్చుటకు వ్యవధి యున్నది. బలపఱచువారెవరైన లేవవలసినదిగా కోరుచున్నాను.