మన అర్జీ మన చేత్తోనే కొట్టుకుందాం

(తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల దళిత కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్లో తెలుగు పెట్టుకోవడం గురించి చెప్పమన్నారు. ఇదేం ఉద్యమ విషయం, కుర్రాళ్ళు చూసుకునే పనేగదా అని కొందరికి అనిపించొచ్చు. కాదు. ఇది కలం ఎవరి చేతిలో ఉండాలన్న విషయం.

మన వాడలో ఏదన్నా జరిగితే ఏం చేస్తున్నాం? తెనాలికో బాపట్లకో రేపల్లెకో పోయి డి.టి.పి. సెంటరు ముందు నిలబడుతున్నాం. మనం చెబుతాం, అవతలాయన కొడతాడు. "చెరువుగట్టు మీద, పదిమంది చూస్తుండగా, కులం పేరు పెట్టి ఈ మాటతో తిట్టాడు" అని మనవాళ్ళు చెబుతారు. కాగితం మీద "దుర్భాషలాడినాడు" అని పడుతుంది. చదవడానికి మర్యాదగానే ఉంటుంది. కేసు మాత్రం అక్కడే సగం చచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(ఎస్) నిలబడాలంటే కులం పేరుతో తిట్టాడన్నది ఉండాలి, జనం కంటబడే చోట తిట్టాడన్నది ఉండాలి. ఆ రెండు ముక్కలూ ఎగిరిపోతే సెక్షనే ఎగిరిపోతుంది. కొట్టినాయనకు దురుద్దేశం ఉండనక్కర్లేదు. మాట ఆయనది, దెబ్బ మనది.

ఈ సంగతి మన పెద్దాయనకు ఎప్పుడో తెలుసు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. డబ్బులిస్తామన్నా దాని ప్రకటనను 'కేసరి' వెయ్యలేదు. మన మాట మరొకరు అచ్చేస్తారని కూర్చుంటే కూర్చునే ఉంటాం.

చట్టం కొంత తలుపు తీసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రాసుకుంటే, సంతకానికి ముందు చదివి వినిపించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదును ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపొచ్చు. మూడు రోజుల్లోపల సంతకం పెట్టాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. అంటే ఢిల్లీకైనా తెలుగులోనే రాయొచ్చు. కొట్టడం మనకు రావాలి, అంతే.

ఇక అసలు పనిలోకి వద్దాం. డి.టి.పి. సెంటర్ల పాత పద్ధతిలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం గదిలో పెట్టేవాళ్ళు. కంప్యూటరు లెక్కలో అది ఇంగ్లీషే, పైన తెలుగు బొమ్మ తొడుక్కుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనపడతాయి. మనిషి పేరు కొట్టి వెదికితే దొరకదు.

1991 అక్టోబరులో యూనికోడ్ మొదటి ప్రమాణం వచ్చింది. దేవనాగరికి 128 గదులు, తెలుగుకూ 128 గదులు. తెలుగు అక్షరానికి సొంత ఇంటిస్థలం దొరికింది. ఇంగ్లీషు గదిలో అద్దెకుండే పని లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది.

ఎందుకింత పట్టింపు అంటారా? తెనాలి పక్కనే ఉన్న చుండూరును చూడండి. అదే 1991లో, ఆగస్టు 6న, ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కూర్చోబెట్టేదాకా పోరాడాం. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పీలు సుప్రీంకోర్టుకు పోయింది. ఘటనకూ ఆ హైకోర్టు తీర్పుకూ మధ్య దాదాపు 23 ఏళ్ళు! మన కేసుల కాగితాలు అన్నేళ్ళు బతకాలి. ఏ కంప్యూటర్లో తెరిచినా చదవగలగాలి. అందుకే యూనికోడ్.

విండోస్ 10లోగాని 11లోగాని సెట్టింగ్స్ తెరవండి. టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి పోయి, లాంగ్వేజ్ దగ్గర 'యాడ్ ఎ లాంగ్వేజ్' నొక్కి తెలుగు ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. ముస్లిం సోదరులకు ఉర్దూ కావాలన్నా అక్కడే కలుపుకోవచ్చు.

ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే పద్ధతీ ఉంది. కాని ఇంగ్లీషు సరిగా రాని మన అక్కచెల్లెళ్ళకు మధ్యలో ఆ గోడ ఎందుకు? ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ఎడమచేతి వైపు గుణింతాలు, కుడిచేతి వైపు ఎక్కువ హల్లులు. మీట మీది ఇంగ్లీషు అక్షరం గుర్తుకు మాత్రమే. సి అంటే మ, ఇ అంటే దీర్ఘం, ఎన్ అంటే ల. ఈ మూడూ కొట్టండి: మాల. సి, ఇ, ఓ, ఎఫ్, ఐ కొట్టండి: మాదిగ. రెంటికీ మొదటి రెండు మీటలూ ఒకటే, గమనించండి! వత్తు కావాలంటే రెండు అక్షరాల మధ్య డి కొట్టాలి, అది పొల్లు. షిఫ్ట్ పట్టుకుని డి, ఆ తర్వాత షిఫ్ట్ వదిలి సి, డి, సి: అమ్మ. ఇదే వరస హిందీకీ, తమిళానికీ పనికొస్తుంది. మీటల పటం అట్ట మీద రాసి గోడకు తగిలించండి. రోజుకో అరగంట కూర్చోండి, చేతికి అలవాటవుతుంది.

మనం చేయాల్సినవి మూడున్నాయి. మూడు పట్టణాల్లోనూ ఇద్దరేసి కొట్టేవాళ్ళు తయారవ్వాలి, ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. పాత ఫాంట్లలో ఉన్న మన కరపత్రాలూ, అర్జీలూ యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు అక్షరాలు తప్పుతాయి, అసలు కాగితం పక్కన పెట్టుకుని సరిచూడాలి. ప్రతి ఫైలుకూ ఊరి పేరూ, తేదీ పెట్టి రెండుచోట్ల దాచాలి.

చివరిగా ఒక్కమాట. మనం కొట్టిన అర్జీ అయినా సరే, చెప్పుకున్న మనిషికి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించండి. "అవును, నేనన్నది ఇదే" అన్నాకే సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ పని చెయ్యకపోతే మనమూ ఇంకో డి.టి.పి. సెంటరే అవుతాం.

జై భీమ్!