పడకలు కాదు, బెల్టులు లెక్కపెట్టండి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మోటార్‌హోమ్‌లో తిప్పితే ఎలా ఉంటుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. మన కుటుంబాలకి క్లాస్ సి, అంటే డ్రైవరు నెత్తిమీద మంచం ఉండే బండి, 25 అడుగులది సరిపోతుంది.

"8 మంది పడుకోవచ్చు" అంటాడు అద్దెకిచ్చేవాడు. పడుకోవచ్చు, సరే. మరి కూర్చోవడమో? సీటు బెల్టులు లెక్కపెట్టండి. పిల్లల కార్ సీటుని పక్కవాటు సోఫాకి కట్టకూడదు, ముందుకి చూసే సీటుకే కట్టాలి. బండి నడుస్తుంటే అమ్మమ్మగారు కాఫీ కలపడానికి లేస్తానన్నా ఒప్పుకోకండి. నేనైతే బండి ఆపేస్తాను.

తలుపు లోపలివైపు పసుపురంగు స్టిక్కరు చూడండి. మనుషులూ, సామానూ, నీళ్ళూ కలిపి ఎంత బరువు మొయ్యగలదో అందులో ఉంటుంది. 40 గాలన్ల నీళ్ళే దాదాపు 330 పౌండ్లు! గ్రైండరు ఇంట్లోనే ఉండనివ్వండి.

30 ఆంపియర్ల కరెంటంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కరు ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. పోపుకి పొగ అలారం మోగుతుంది. అలాగని దాని బ్యాటరీ పీకెయ్యకండి, పోపు బయట పెట్టుకోండి.

ఇక నడపడం. బండి ఎత్తు దాదాపు 11 అడుగులు. సరైన ఎత్తు కాగితంమీద రాసి డాష్‌బోర్డుకి అంటించండి. డ్రైవ్-త్రూల జోలికి వెళ్ళొద్దు. మలుపు తిప్పితే వెనక భాగం రెండోవైపుకి జరుగుతుంది, అద్దంలో చూసుకోండి. రాకీ పర్వతాల్లో కొండ దిగేటప్పుడు బ్రేకుమీద కాలు అలాగే ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టవు. ముందే గేరు తగ్గించండి.

బయల్దేరేముందు బండిచుట్టూ ఓసారి తిరిగి మెట్టు మడిచారో లేదో, కరెంటు తీగ తీశారో లేదో చూసుకోండి.