ముల్లు బరువు, పళ్లెపు మట్టము

రికార్డులు మరల వినవలెనను కోరిక ఇటీవల పలువురిలో కలుగుచున్నది. కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతములలో అట్టి కోరిక గలవారి చేతికి వచ్చునవి సాధారణముగ రెండు తరగతుల రికార్డులు. అటకమీద బట్టలో చుట్టి యుంచిన తాతలనాటి లక్క రికార్డులు ఒక తరగతి. పెండ్లిండ్లకు, కొత్తమ్మతల్లి జాతర వంటి ఉత్సవములకు మైకుసెట్టు అద్దెకిచ్చినవారి పెట్టెలనుండి వెలికివచ్చిన వినైలు రికార్డులు రెండవ తరగతి. ఇవి దొరికినవెంటనే బజారులో ఒక చౌక యంత్రమును కొని, దానిపై వేసి తిప్పుట మాత్రము మంచిది కాదని మా అభిప్రాయము.

ఏలయన, రికార్డు పుస్తకమువంటిది కాదు. చదివినందువలన పుస్తకములోని అక్షరము అరుగదు. రికార్డులోని గాడియందు సరిగా అమరని ముల్లు నడచినచో అది గాడి గోడను కోయును. కోసిన మేర శబ్దము పోవును. అది మరల రాదు. పాత నాటక పద్యములలో, హరికథలలో ఆ యొక్క పళ్లెమున దప్ప మరెక్కడను మిగులని కంఠము ఏదేని యుండవచ్చును. కావున యంత్రమును అమర్చుట వేడుక కొరకు మాత్రమే కాదు.

మొదట యంత్రమునకు తగిన చోటు చూడవలెను. కోటబొమ్మాళి జాతీయ రహదారి మీది ఊరు. హౌరా–చెన్నై రైలుమార్గము కూడ ఆ ప్రక్కనే పోవుచున్నది. లారీ పోయినపుడు కిటికీ రెక్క అదరు ఇంటిలో ముల్లు కూడ అదరును. ఆ యదురు స్పీకరులో గుమగుమయని వినబడును. నేలపై నిలిపిన బల్లకంటె, మందపు గోడకు గట్టిగా బిగించిన చెక్క మేలు. స్పీకరును యంత్రమున్న బల్లపై ఎన్నడును ఉంచరాదు. టెక్కలి చుట్టుప్రక్కల నీలి గ్రానైటు క్వారీలు కలవు గనుక, నునుపు చేసిన పలక ముక్క సంపాదించుట ఈ ప్రాంతమువారికి కష్టము కాదు. అయితే రాయి బరువైనదే గాని అదురును తనంత తాను ఆపజాలదు. పలకక్రింద సగము గాలి నింపిన చిన్న సైకిలు ట్యూబు నుంచి, ఆపైన యంత్రము పెట్టిన యెడల గుణము కనబడును. ఈ ఉపాయమునకు పెద్ద ఖర్చు లేదు.

తరువాత మట్టము. తాపీపనివాని రసమట్టమును పళ్లెముపై రెండు దిక్కులుగా నుంచి చూచి, యంత్రపు కాళ్లను త్రిప్పి సరిచేయవలెను. పళ్లెము వాలియున్నచో ముల్లు గాడి యొక్క ఒక గోడపైననే ఒరిగి నడచును.

ఇక ముల్లు బరువు. ఇందే ఎక్కువమంది తొందరపడుదురు. టోన్ ఆర్మ్ వెనుకనున్న తూకపు గుండును త్రిప్పుచు, చేయి పైకి లేవక, క్రిందికి వ్రాలక, గాలిలో సమముగ తేలునట్లు చేయవలెను. ఆ సమయమున ప్రక్కలాగుడును సరిచేయు మీట సున్నపై నుండవలెను. అటుపిమ్మట గుండుమీది అంకెల చక్రమును మాత్రము సున్నకు తెచ్చి, గుండును చక్రమును కలిపి కార్ట్రిడ్జి తయారుచేసినవారు చెప్పిన బరువునకు త్రిప్పవలెను. అయస్కాంతపు కార్ట్రిడ్జిలకు సాధారణముగ అది 1.5 నుండి 2 గ్రాములు. ప్రక్కలాగుడు మీటను కూడ అదే అంకెపై నుంచుడు. అంకెల చక్రమును పూర్తిగా నమ్మక, బంగారము తూచు చిన్న త్రాసుపై ముల్లు మోపి చూచుకొనుట మేలు. బరువు తగ్గించినచో రికార్డు క్షేమమని కొందరనుకొందురు. ఇది పొరపాటు. చాలని బరువుతో ముల్లు గాడిలో నిలువక గోడలను కొట్టుకొనుచు పోవును, హాని ఎక్కువ. 22 నిమిషములు వాయించు ఒక్క వైపున ముల్లు నడచు దూరము సుమారు అర కిలోమీటరు. అంతదూరమును అది స్థిరముగ నడువవలెను గదా!

ముల్లు దిశయు ముఖ్యమే. రికార్డును కోసిన యంత్రపు ముల్లు అంచునుండి నడిమికి తిన్నగా సాగినది. మన యంత్రపు చేయి ఒక కీలుపై తిరుగుచు వంపుదారిలో పోవును. అందువలన రెండు తావులలో మాత్రమే అది గాడికి సరిగా అమరగలదు. విరివిగా వాడు లెక్కప్రకారము ఆ తావులు నడిమి మేకునుండి 66, 121 మిల్లీమీటర్ల దూరమున నుండును. కాగితముపై ఆ గుర్తులు వేసి, రెండు చోట్లను కార్ట్రిడ్జి అడ్డముగాని ఏటవాలుగాని కాక గీతకు సమముగ నుండునట్లు మరలు సడలించి జరుపవలెను. ఈ పనికి ఒక సాయంకాలమైనను వెచ్చింపవచ్చును.

పాత వాల్వు రేడియో ఇంకను పనిచేయుచున్న ఇండ్లలో దాని వెనుక పికప్పు కొరకు రెండు రంధ్రములుండును. అవి క్రిస్టల్ పికప్పులకు తగినవి. అయస్కాంతపు కార్ట్రిడ్జి ఇచ్చునది కొద్ది మిల్లీవోల్టులే గనుక నడుమ ఫోనో ప్రీ–ఆంప్లిఫయరు కావలెను. 1954లో స్థిరపడిన ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతి ప్రకారము, కోయునపుడు తగ్గించిన మంద్రమును పెంచి, హెచ్చించిన తారమును తగ్గించు పని కూడ అదే చేయును. నేలతీగను బిగించుట మరువరాదు. లేనిచో భ్రమరనాదమే మిగులును. నౌపడా ఉప్పుమళ్లమీదుగా వచ్చు గాలి కార్ట్రిడ్జి వెనుకనున్న సన్నని తీగమొనలను త్రుప్పు పట్టించును గనుక అప్పుడప్పుడు వానిని తుడువవలెను.

తడిగాలివలన బూజు పట్టిన వినైలు రికార్డులను బట్టీనీటిలో ఒకటి రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, గాడి వెంబడి మెత్తని బ్రష్షుతో తుడిచి, నిలువుగ నారవేయవలెను. లక్క రికార్డులకు స్పిరిటు సోకరాదు, లక్క కరగిపోవును. వానికి ముల్లు కూడ వేరు. ఎల్.పి. ముల్లుకంటె సుమారు మూడింతలు వెడల్పైనది కావలెను. పాత కీ గ్రామఫోనుపై ఎల్.పి.ని వేయుట దానిని చంపుటయే. ఆ సౌండుబాక్సు బరువు నూరు గ్రాములు మించియుండును.

తుదకు వేగము. అంచున 180 గీతలు గల స్ట్రోబోస్కోపు పళ్లెమును 50 సైకిళ్ల విద్యుత్తుతో వెలుగు పాత చోకు ట్యూబులైటు క్రింద త్రిప్పినచో, 33⅓ చుట్ల వేగము సరియైనపుడు గీతలు నిలిచినట్లు కనబడును. ఎల్.ఇ.డి. దీపములు పెక్కు దీనికి పనికిరావు. అమెరికానుండి బంధువులు తెచ్చిన పాత యంత్రములలో ఒక చిక్కు కలదు. వానిలో పెక్కింటి మోటారు 60 సైకిళ్లకు కట్టినది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును గాని సైకిళ్లను మార్చదు. రికార్డు నిమిషమునకు 28 చుట్లు మాత్రమే తిరుగును. శ్రుతి మూడు స్వరస్థానములు దిగును. స్త్రీకంఠము పురుషకంఠమువలె వినబడిన గాయనిని నిందింపరాదు. 78 రికార్డులన్నియు 78 వేగముననే కోసినవి కావు. లేబులుపై 80 అని అచ్చువేసినవి కూడ కలవు. వేగము మార్చు మీట యున్నవారు, హార్మోనియము తోడుగల పద్యమును వేసి, ఇంటనున్న హార్మోనియము మెట్టుతో ఆ శ్రుతిని పోల్చి, కంఠము సహజముగ వినబడువరకు కొద్దికొద్దిగ జరుపుకొనవచ్చును.